మేం వచ్చిన టైము కూడా రాయండి

సరుకు పంపే ఫ్యాక్టరీల డిస్పాచ్ మేనేజర్ గార్లకు, సరుకు దించుకునే గోడౌన్ల ఇన్‌ఛార్జులకు, ఆఫీసులో కూర్చుని మా లారీ ఎక్కడుందో కంప్యూటర్‌లో చూసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం. నేను లారీ డ్రైవర్ని. మాది కైకలూరు దగ్గర ఒక పల్లె. క్లీనర్‌గా లారీ ఎక్కింది 1994లో, స్టీరింగ్ చేతికొచ్చింది 1998లో. ఈ ఉత్తరం మీ గేటు బయట, లారీ క్యాబిన్‌లో కూర్చుని రాస్తున్నాను. ‘మీ గేటు’ అంటే ఏ కంపెనీదో చెప్పను. పేరు రాస్తే రేపు మా ఓనరుకి ఫోన్ వస్తుంది, ఎల్లుండి నుంచి నాకు లోడు ఉండదు. అయినా పేరుతో పనేముంది? ఈ లైన్లో ఉన్న ఏ డ్రైవర్ని కదిపినా ఇలాంటి గేట్లు పది చెబుతాడు.

లారీవాళ్ల కష్టాలు అనగానే అందరూ రోడ్డు సంగతే ఎత్తుతారు. ఘాట్లు, గుంతలు, చేతులు చాపేవాళ్లు, డీజిల్ దొంగలు, టోల్‌గేట్లు, దాబా తిండి. అవన్నీ ఉన్నాయి. వాటి మీద మంత్రులకు ఉత్తరాలు రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పేది ఆగి ఉన్న లారీ గురించి. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నన్ను బాగా నలిపేసింది మీ గేటు ముందు నిలబడ్డ గంటలే. ఆ గంటలు ఏ కాగితంలోనూ ఎక్కవు. కాగితంలో ఎక్కవు కాబట్టి అవి ఉన్నాయని మీలో చాలామందికి తెలియదేమో కూడా.

నిన్నటి సంగతే చూడండి. మధ్యాహ్నం రెండు నలభైకి వచ్చాను. సెక్యూరిటీ కుర్రాడు కిటికీలోంచి చెయ్యి చాపి ఇన్‌వాయిస్, ఎల్ఆర్ (లారీ రసీదు) తీసుకున్నాడు. అట్టపెట్టె చింపిన ముక్క మీద స్కెచ్‌పెన్‌తో 43 అని రాసిచ్చాడు. అదే టోకెన్. పక్కన పెద్ద రిజిస్టర్ ఉంది. అందులో ఏమైనా రాస్తాడేమోనని నిలబడి చూశాను. రాయలేదు. “వచ్చిన టైము వేసుకోవా తమ్ముడూ?” అని నాకొచ్చిన హిందీలో అడిగాను. “లోపలికి వచ్చాక వేస్తాం” అన్నాడు. ఆ కుర్రాడి తప్పేం లేదు. అతని రిజిస్టర్‌లో లోపలికి వచ్చిన టైముకి ఒక గడి, బయటికి పోయిన టైముకి ఒక గడి గీసి ఉన్నాయి. బయట నిలబడ్డానికి గడి లేదు.

అంటే మీ లెక్కలో నేను ఇంకా రాలేదు. తమాషా ఏంటంటే మీ కంప్యూటర్‌లో మాత్రం వచ్చేశాను. జీపీఎస్ చుక్క మీ గోడ పక్కనే వెలుగుతూ ఉంటుంది. దారిలో దాబా దగ్గర నలభై నిమిషాలు ఆగితే “ఎందుకు ఆగావు, డెలివరీ లేటవుతుంది” అని ఫోన్ చేస్తారు. ఇక్కడ ముప్పై గంటలు ఆగాను. ఒక్క ఫోనూ రాలేదు.

“ఊరికే ఉండటమే కదా, హాయిగా పడుకోవచ్చు” అని ఒక మేనేజర్ గారు ఒకసారి నాతో అన్నారు. నవ్వుతూనే అన్నారు, మనిషి మంచివాడే. ఆయనకి ఒక రాత్రి ఎలా గడుస్తుందో చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నిన్న రాత్రి పదకొండుకి లైను రెండు లారీల మేర కదిలింది. స్టార్ట్ చేసి ముందుకు జరిపాను. వెనక బల్ల మీద నడుం వాల్చానో లేదో, వెనక లారీ హారన్. మళ్లీ ఒక లారీ మేర. మనం జరపకపోతే సందులోకి ఇంకొకడు దూరతాడు, టోకెన్ నంబరు అప్పుడు పనికిరాదు. తెల్లవారేలోగా అలా ఏడుసార్లు లేచాను. మధ్యలో డీజిల్ ట్యాంకు వైపు ఏ చప్పుడైనా టార్చి పట్టుకుని దిగాల్సిందే. ట్యాంకుకి తాళం ఉంది, పైపు కోసేవాడికి తాళంతో పనిలేదు. క్లీనర్ ఉంటే వంతులేసుకునేవాళ్లం. ఇప్పుడు క్లీనర్లు దొరకడం లేదు. ఏ కుర్రాడొస్తాడు ఈ పనికి? మా ఊళ్లో లారీ డ్రైవరంటేనే పిల్లనివ్వడం లేదు, క్లీనరంటే అసలు మాట్లాడరు.

పగలైతే ఇంకో బాధ. క్యాబిన్ పెనంలా కాలుతుంది. 2025 నుంచి కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ ఉండాలని కేంద్రం రూలు తెచ్చింది. సంతోషం. నా బండి 2016ది, దానికి ఆ భాగ్యం లేదు. ఉన్నా ఇక్కడ ఇంజన్ ఆపెయ్యాలి, బోర్డు పెట్టారు. కాబట్టి పగలు లారీ కింద, యాక్సిల్ నీడలో చాప వేసుకుని పడుకుంటాం. నీడ కదిలితే చాప జరుపుకుంటాం. గంట గంటకీ జరిగే చాప మీద పడుకున్నదాన్ని నిద్ర అనుకుంటే, అవును, నేను నిన్నటి నుంచి నిద్రపోతూనే ఉన్నాను.

స్నానం సంగతి వదిలేయండి. కాలకృత్యాల సంగతి మాత్రం వదలను. 2020లో లాక్‌డౌన్ అప్పుడు లారీ డ్రైవర్లు గేటు దాటి రాకూడదన్నారు, డ్రైవర్లకని ఉన్న మరుగుదొడ్డికి తాళం వేశారు. రోగం భయం, సరే అనుకున్నాం. కరోనా పోయింది, నాకు తెలిసిన మూడు గేట్ల దగ్గర ఆ తాళం మాత్రం అలాగే ఉంది. పొద్దున్నే సీసా పట్టుకుని గోడ వెనక తుమ్మచెట్లలోకి వెళ్లాలి. ఆ చెట్లలోకి నాకంటే ముందు నలభై రెండు మంది వెళ్లారు. దానికి భయపడి నీళ్లు తాగడం తగ్గిస్తాం. నా కిడ్నీలో రాయి దానివల్లేనని డాక్టర్ గారు అన్నారు. “రోజుకి మూడు లీటర్లు తాగు” అని చీటీ రాసిచ్చారు. ఆ తాగిన మూడు లీటర్లతో ఎక్కడికి పోవాలో చీటీలో లేదు.

డబ్బు మాట. కిరాయి ఒప్పందంలో హాల్టింగ్ అని ఒకటి ఉంటుంది. ఇన్ని రోజులు దాటితే రోజుకింత ఇస్తాం అని. ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్క? గేటు లోపలి టైము నుంచి. బయట రెండు రోజులు నిలబెట్టి, లోపలికి రానిచ్చి నాలుగు గంటల్లో దించేస్తే కాగితం మీద మీ పని భేషుగ్గా ఉంటుంది. హాల్టింగ్ రాలేదని ఓనరు నన్నడుగుతాడు, నేను బ్రోకర్ని అడుగుతాను, బ్రోకర్ “ప్రూఫ్ ఏది?” అంటాడు. నా దగ్గరున్న ప్రూఫ్ ఈ అట్టముక్క. నాకు ఇచ్చేది ట్రిప్పు లెక్క. ట్రిప్పు నాలుగు రోజుల్లో అయినా ఎనిమిది రోజుల్లో అయినా అంతే. ఖర్చు మాత్రం రోజు లెక్కన అవుతుంది.

ఇది తప్పించుకోలేని వ్యవహారమని మీరు అనొచ్చు. ముఠా కూలీలు చాలలేదు, వాన పడింది, గోడౌన్‌లో జాగా లేదు. ఒక్కోసారి నిజమే. కానీ నేను పదేళ్లు చేపల లారీ నడిపాను, అందుకే ఆ మాట పూర్తిగా నమ్మను.

మా కొల్లేరు వైపు చెరువు మీద పట్టిన చేపని ట్రేలలో ఐసు కొట్టి సర్దుతారు. సాయంత్రం లోడు కడితే ఇద్దరు డ్రైవర్లం ఒకడు పడుకుంటే ఒకడు నడుపుతూ, తుని, విశాఖ, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, బాలాసోర్ దాటుకుంటూ హౌరా వెళ్లేవాళ్లం. దాదాపు 1,200 కిలోమీటర్లు. దారంతా తలుపు సందుల్లోంచి ఐసు నీళ్లు కారుతూనే ఉంటాయి. మార్కెట్ టైముకి అందకపోతే రేటు పడిపోతుందని మా మీద ఒత్తిడి ఉండేది, కాదనను. కానీ అక్కడికి చేరాక నన్ను ఎవరూ నిలబెట్టలేదు. లారీ ఆగకముందే మనుషులు వెనక్కి పరిగెత్తుకొచ్చేవారు. కొన్ని గంటల్లో ఖాళీ. టోకెన్ లేదు, అట్టముక్క లేదు. ఎందుకంటే చేప కుళ్లిపోతుంది. పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరి జేబుకి చిల్లు పడుతుందో అందరికీ తెలుసు.

ఇప్పుడు నా లారీలో ఉన్నవి సబ్బుల పెట్టెలు. సబ్బు కుళ్లదు, కంపు కొట్టదు. ఆ మాటకొస్తే వాసన కొడుతున్నది నేను. దానివల్ల మీ ఖాతాలో రూపాయి తగ్గదు.

ఇంకో సంగతి మాకు తెలుసు, మీరు చెప్పకపోయినా. నెలాఖరు వచ్చిందంటే లైను పెరుగుతుంది. అమ్మకాల లెక్క చూపించాలని పైనుంచి సరుకంతా ఒక్కసారి బయటికి తోస్తారు, కింద గోడౌన్‌లో పెట్టుకోవడానికి చోటుండదు. అప్పుడు మా లారీలే మీ గోడౌన్లు. చక్రాలున్న గోడౌన్, కాపలాదారుడితో సహా, అద్దె లేకుండా. మీ కింద పనిచేసే కుర్రాళ్ల మీద టార్గెట్లు ఉంటాయని, మీకూ టెన్షన్లు ఉంటాయని తెలుసు. కానీ ఆ టెన్షన్ చేతులు మారి మారి చివరికి ఎక్కడికి చేరుతుందో చూడండి.

ఏడేళ్ల కిందట ఇలాగే ఒక గేటు దగ్గర నలభై గంటలు ఉన్నాను. ఏ ఊరో వద్దు. రాత్రి తొమ్మిదికి ఖాళీ అయింది. పట్టాలు మడిచి, తాళ్లు చుట్టి లారీ ఎక్కేలోగా ఫోన్. “పక్కనే రిటర్న్ లోడు ఉంది, ఎక్కించుకుని వచ్చెయ్, ఎల్లుండి సాయంత్రానికి విజయవాడలో ఉండాలి, అర్జెంటు.” నలభై గంటలు నాకు లేని అర్జెంటు అప్పుడొచ్చింది. కాదంటే లోడు ఇంకొకడికి పోతుంది, ఖాళీ లారీతో ఇంటికి రావాలి. ఎక్కించుకున్నాను.

రెండో రాత్రి పలాస దాటాక, రెండున్నర మూడు అవుతుండగా, రోడ్డుకి అడ్డంగా గేదెలు. ఒకటి కాదు, మంద. ముందున్న దాని కొమ్ము విరిగి ఉండటం కూడా చూశాను. బ్రేకు మీద నిలబడ్డాను. లారీ ఊగుతూ, తోక అటూ ఇటూ కొడుతూ ఆగింది. వెనక వస్తున్న బస్సువాడు తప్పించుకుని పక్కనుంచి బూతులు తిడుతూ వెళ్లిపోయాడు. లైట్ల వెలుగులో చూస్తే రోడ్డు ఖాళీ. గేదెల్లేవు. అప్పుడు నాతో క్లీనర్ ఉన్నాడు, వాడు లేచి “ఏంటన్నా?” అన్నాడు. “గేదెలురా” అన్నాను. వాడు రోడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనకుండా నీళ్ల సీసా ఇచ్చాడు. వాడికి ఆ ట్రిప్పే ఆఖరు, మానేశాడు. ఇప్పుడు గుడివాడలో ఆటో తోలుకుంటున్నాడు.

నేను కళ్లు తెరిచే ఉన్నాను. కళ్లు తెరిచి ఉండగానే నిద్రపోవడం అంటే అదే. ఆ బస్సు నన్ను గుద్ది ఉంటే మర్నాడు పేపర్లో ఏం వచ్చేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ‘డ్రైవర్ నిద్రమత్తే ప్రమాదానికి కారణం.’ ఆ మత్తు పలాసలో మొదలవలేదు. అది మొదలైన గేటు పేరు పేపరువాడికి తెలియదు, పోలీసు పంచనామాలో ఉండదు. చట్టం కూడా చివరి నిమిషాన్నే చూస్తుంది. గుద్ది, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని కొత్త భారతీయ న్యాయ సంహితలో 106(2) పెట్టినప్పుడు 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగాయి, బంకుల దగ్గర క్యూలు చూసే ఉంటారు. మా సంఘాలతో మాట్లాడాకే అమలు చేస్తామని కేంద్రం చెప్పింది, ఆ క్లాజు పక్కన పెట్టారు. పారిపోవడం తప్పే, నేను సమర్థించను. మనిషి పడి ఉంటే వదిలి పోయేవాడు డ్రైవరే కాదు. కానీ పదేళ్ల శిక్ష రాసినవాళ్లలో ఒక్కరైనా దానికి ముందు నలభై గంటల గురించి అడిగారా అని ఆ రోజుల్లో అనిపించింది.

పనిగంటలకు చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 అంది. దూర ప్రయాణాలకు పది గంటలు, 54 దాకా వెసులుబాటు ఇచ్చింది. అయితే అది ఐదుగురు, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకు. మా ఓనరుకి ఉన్నది రెండు లారీలు, ఇద్దరం డ్రైవర్లం. ఆ చట్టాన్ని తర్వాత కొత్త లేబర్ కోడ్‌లో కలిపారు. పాతదైనా కొత్తదైనా నేను కళ్లారా చూసింది తక్కువ. నిద్రని పసిగట్టే సెన్సర్ లారీల్లో పెట్టాలని, పైలట్లకు లాగా డ్రైవర్లకూ గంటలు ఉండాలని 2021లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారు అన్నారు. సెన్సర్ పెట్టండి, మోగనివ్వండి. నేను కునుకు తీస్తున్నానని అది చెబుతుంది. ఎందుకు తీస్తున్నానో దానికెలా తెలుస్తుంది?

కాగితానికి మాత్రం మీరు గడువులు బాగా చూస్తారు. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. 2021కి ముందు 100కే ఒక రోజు ఉండేది. మేం గేటు ముందు నిలబడి ఉండగానే ఒక్కోసారి ఆ గడువు అయిపోతుంది. తీరడానికి ముందు ఎనిమిది గంటలు, తీరాక ఎనిమిది గంటలు, ఆ మధ్యే పొడిగించుకోవాలి. అప్పుడు చూడాలి, అర్ధరాత్రయినా సరే ఫోన్ల మీద ఫోన్లు. “బిల్లు ఎక్స్‌పైర్ అవుతోంది, వెంటనే ఎక్స్‌టెండ్ చేయించు” అని. నా గడువు ఎప్పుడో తీరిపోయిందని చెప్పడానికి నోరు రాదు.

మా అన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు, లారీ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసులో. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాను, అక్కడెలా ఉంటుందిరా అని. పది గంటలు విశ్రాంతి తీసుకుని డ్యూటీ ఎక్కితే అక్కడి నుంచి 14 గంటల్లోపే నడపడం అయిపోవాలట, అందులో స్టీరింగ్ పట్టేది 11 గంటలే. గేటు దగ్గర కూర్చున్న టైము ఆ 14లోనే కరిగిపోతుంది, మెషీన్ రాసుకుంటుంది అన్నాడు. నాకు కావలసింది ఆ ముక్కే. అమెరికా డ్రైవర్లు సుఖంగా ఉన్నారని కాదు, వాళ్లూ గేటు దగ్గర ఆలస్యాల మీద గొడవ పడుతూనే ఉంటారట. కానీ గొడవ పడటానికి వాళ్ల చేతిలో ఒక లెక్క ఉంది. నా చేతిలో 43 ఉంది.

మావాళ్లనూ వెనకేసుకు రావడం లేదు. గేటు దగ్గర రెండొందలు చేతిలో పెట్టి లైను దాటిపోయేవాళ్లున్నారు. నేనూ పెట్టాను, మా అమ్మాయి కాన్పు టైములో. నా ముందున్న పన్నెండు మందికి ఆ రాత్రి ఇంకో గంట కలిసింది. లెక్క లేనిచోట మామూళ్లు పుడతాయి. మీరు లైను సరిగా రాస్తే ఆ రెండొందలు ఎవడూ ఇవ్వడు, ఎవడూ తీసుకోడు.

అందుకని నేను అడిగేది పెద్దదేం కాదు. రిజిస్టర్‌లో ఇంకో గడి గీయండి. స్కేలు, పెన్ను చాలు. ‘గేటుకి వచ్చిన టైము’ అని పైన రాయండి. అదే టైము ఎల్ఆర్ మీద వేసి స్టాంపు కొట్టండి. హాల్టింగ్ అక్కడి నుంచి లెక్కపెట్టండి. మొదటి నెల మీ అకౌంట్స్ వాళ్లు గగ్గోలు పెడతారు. రెండో నెల నుంచి ఏ లారీని ఎప్పుడు పిలవాలో మీకే తెలిసిపోతుంది. “రేపు పదిన్నరకి రా” అని ఒక మెసేజ్ పెడితే హైవే మీద ఎక్కడో బంకులో పడుకుని పదిన్నరకి వస్తాను. హైవేల మీద డ్రైవర్లకు వెయ్యి విశ్రాంతి కేంద్రాలని 2024లో ప్రధాని ప్రకటించారు, ఆయిల్ కంపెనీలు బంకుల్లో ‘అప్నా ఘర్’ అని మంచాలు వేశాయి. ఒకసారి పడుకున్నాను, దుప్పటి శుభ్రంగా ఉంది. కానీ ఆ మంచం హైవే మీద ఉంది, నా లైను ఇక్కడ ఉంది. పిలిచే టైము తెలియనంతకాలం అది నాకు పనికిరాదు.

తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని మరుగుదొడ్డి తెరిపించండి. రాత్రంతా నిలబెట్టి తెల్లారి ఖాళీ చేసిన డ్రైవర్ని మీ ఆవరణలోనే ఓ ఆరు గంటలు పడుకోనివ్వండి, ఆ తర్వాతే గేటు పాస్ ఇవ్వండి. సేఫ్టీ అని లోపలంతా బోర్డులు ఉన్నాయి కదా. హెల్మెట్ లేకుండా గోడౌన్‌లో ఒక్క అడుగు వెయ్యనివ్వరు, రెండు రాత్రులు నిద్రలేని మనిషికి ముప్పై టన్నుల బండి ఇచ్చి హైవే మీదికి పంపించేస్తారు. 

ఇందాకే 31 లోపలికి వెళ్లాడు. నా ముందు ఇంకా పదకొండు ఉన్నాయి. పక్క లారీ రాజస్థాన్ ఆయన రొట్టెలు చేస్తున్నాడు, నాకూ రెండు వేశాడు. నా దగ్గర ఆవకాయ ఉంది.

ఇట్లు,
టోకెన్ నం. 43

గేటుకి వచ్చిన టైము: మంగళవారం మధ్యాహ్నం 2.40
ఉత్తరం ముగించిన టైము: బుధవారం రాత్రి 9.15
లోపలికి వెళ్లిన టైము: ..............